ఈ-కామర్స్ ప్లాట్‌ఫారం ఎంపిక: పద్దెనిమిది వారాల ప్రాజెక్టు డైరీ

తలుపు తాళాలు, మడత బందులు, గడియలు, హ్యాండిళ్లు అమ్మే ఒక వ్యాపారం ఏడేళ్లుగా నడుపుతున్న సొంత వెబ్‌సైటును విడిచిపెట్టి, కొత్త ఈ-కామర్స్ ప్లాట్‌ఫారాన్ని ఎంచుకుని అందులోకి మారిన పనికి ఇది దశలవారీ నమోదు. ఇదే పనికి దిగబోతున్నవారు మా కొలతలను తమ కొలతలతో పోల్చుకోవాలని, మేము వృథా చేసిన గంటలను వారు వృథా చేయకూడదని దీన్ని రాస్తున్నాను. పని చేసింది ముగ్గురం: నేను, ఒక డెవలపర్, గోదాము చూసుకునే సహోద్యోగి. ప్రతి దశ చివర ఇచ్చిన గంటల లెక్క మా ముగ్గురిదీ కలిపినది.

పరీక్షించిన ప్లాట్‌ఫారాలను పేర్లతో చెప్పడం లేదు. మా సరుకుకు, మా అమరికకు వచ్చిన ఫలితాలు మరొకరి సరుకుకు అలాగే వస్తాయని చెప్పలేను కనుక వాటిని అ, ఆ, ఇ అని పిలుస్తాను.

దశ 0: ఎంచుకోవడానికి ముందు కొలవడం (వారాలు 1, 2)

పాత సైటు నెమ్మదిగా ఉందని అందరం అంటున్నామే తప్ప, అసలు ఏది ఎంత చెడిందో ఎవరి దగ్గరా అంకె లేదు. అందుకే పద్నాలుగు రోజుల పాటు ఏమీ మార్చకుండా లెక్కలు మాత్రమే తీశాం.

1. ఉత్పత్తులు 1,862. రంగు, కొలత వంటి తేడాలన్నీ విడదీస్తే ఎస్‌కేయూలు (విడి కోడ్‌తో లెక్కించే ఒక్కో రకం సరుకు) 11,437.
2. ఫొటోలు 9,206. సెర్చ్ ఇంజన్లలో నమోదైన యూఆర్‌ఎల్‌లు (పేజీల చిరునామాలు) 4,310.
3. కొనుగోలుదారుల ఖాతాలు 18,900.
4. పద్నాలుగు రోజుల్లో ఆర్డర్లు 2,940. అత్యంత రద్దీగా ఉన్న గంటలో 96.
5. సరుకు లేకపోయినా తీసుకున్న ఆర్డర్లు 31.

ఈ చివరి అంకె మీదే ఎక్కువ సమయం పెట్టాం. ఆ 31 ఆర్డర్లను ఒక్కొక్కటిగా లాగ్‌లో వెతికితే, తొమ్మిదింటికి మాత్రమే వెబ్‌సైటు కారణమని తేలింది. పాత కోడ్ ముందు స్టాక్ ఎంతుందో చదివి, ఆ తర్వాత వేరే అడుగులో తగ్గిస్తుంది. ఆ రెండు అడుగుల మధ్య సందులో మరొకరు అదే చివరి తాళాన్ని కొనేస్తారు. మిగిలిన 22 ఆర్డర్లలో సరుకు కౌంటర్ దగ్గర నేరుగా అమ్ముడుపోయింది, ఆ సంగతి వెబ్‌సైటుకు సాయంత్రం దాకా తెలియలేదు. ఈ 22 అనే అంకెను నోట్‌బుక్‌లో రాసుకుని కూడా, దాని అర్థాన్ని పన్నెండో వారం దాకా మేము పట్టించుకోలేదు. ఈ ప్రాజెక్టులో మా అతిపెద్ద పొరపాటు అదే.

గంటల లెక్క: ఈ దశ 18, మొత్తం 18.

దశ 1: ఫీచర్ల పట్టిక, దాన్ని పారేయడం (వారం 3)

ఐదు ప్లాట్‌ఫారాలు, 64 ఫీచర్లు, ఒక్కో ఫీచరుకు ప్రాధాన్యాన్ని బట్టి మార్కులతో ఒక స్ప్రెడ్‌షీట్ తయారుచేశాం. నూటికి వచ్చిన మార్కుల్లో మొదటి స్థానానికీ మూడో స్థానానికీ తేడా మూడు. రిపోర్టులకు ఇచ్చిన ప్రాధాన్యాన్ని ఐదు నుంచి నాలుగుకు తగ్గించగానే మొదటిది మూడోదైంది. ఒక్క గడి మారితే తలకిందులయ్యే పట్టికను నమ్మి మూడేళ్ల నిర్ణయం తీసుకోలేమని దాన్ని పక్కన పెట్టేశాం.

పట్టిక ఎందుకు పనికిరాలేదో చెప్పాలి. ‘వేరియంట్లు (ఒకే ఉత్పత్తిలోని రకాలు): ఉన్నాయి’ అన్న వరుసలో ఐదింటికీ టిక్కు పడింది. అయితే కొన్ని హోస్టెడ్ ప్లాట్‌ఫారాల్లో, అంటే సర్వర్‌ను సంస్థే నడిపేవాటిలో, ఒక ఉత్పత్తికి మూడు రకాల ఆప్షన్లకు మించి పెట్టలేం. మా తాళాలకు నాలుగు కావాలి: కొలత, పూత, తలుపు తెరుచుకునే వైపు, తాళంచెవి రకం. నాలుగు ఆప్షన్లున్న ఉత్పత్తులు 1,862లో 143 మాత్రమే అయినా, మా అమ్మకాల విలువలో 38 శాతం వాటిదే. ఉందా లేదా అన్న ప్రశ్న ఈ పరిమితిని బయటపెట్టలేదు. ఎంత వరకు ఉంది, ఆ హద్దు దాటితే ఏమవుతుంది అన్న ప్రశ్న బయటపెట్టింది.

గంటల లెక్క: ఈ దశ 26, మొత్తం 44. ఇందులో తిరిగి పనికొచ్చినవి నాలుగైదు గంటలకు మించవు.

దశ 2: మూడింటికి కుదించడం (వారం 4)

ప్లాట్‌ఫారాలు ప్రధానంగా మూడు తీరులవి. షాపిఫై, బిగ్‌కామర్స్ వంటివాటిలో సర్వర్, భద్రత, చెకౌట్ అన్నీ సంస్థే చూసుకుంటుంది, మనం నెలసరి రుసుము కడతాం. వూకామర్స్, ప్రెస్టాషాప్, మజెంటో ఓపెన్ సోర్స్ వంటివాటిని మన సర్వర్‌లో మనమే పెట్టుకుని నడుపుకుంటాం. మెడూసా, సేలియర్ వంటి హెడ్‌లెస్ వ్యవస్థల్లో వెనుక యంత్రాంగం సిద్ధంగా దొరుకుతుంది, కొనుగోలుదారు చూసే ముందు భాగాన్ని మనమే కట్టుకోవాలి.

వడపోతకు ఐదు ప్రశ్నలు వేశాం.

1. మన కోడ్‌తో స్టాక్‌ను మార్చడానికి ఏపీఐ (ఒక ప్రోగ్రాం మరొకదానితో మాట్లాడే దారి) ఉందా, సెకనుకు ఎన్ని అభ్యర్థనలకు అనుమతి?
2. ఒక ఉత్పత్తికి ఆప్షన్లు, వేరియంట్ల గరిష్ఠ సంఖ్య ఎంత?
3. ఆర్డర్ల చరిత్ర మొత్తం ఏ రూపంలో బయటకు తీసుకోవచ్చు?
4. ప్రస్తుత వెర్షన్‌కు మద్దతు ఎప్పటివరకు?
5. ఆర్డర్లు డేటాబేస్‌లో ఏ పట్టికలో ఉంటాయి?

నాలుగో ప్రశ్నను తేలికగా తీసుకోవద్దు. 2008లో వచ్చిన మజెంటో మొదటి తరానికి 2020 జూన్‌తో మద్దతు ముగిసింది. 2015లో వచ్చిన రెండో తరంలో మొదటి తరం థీమ్‌లు, ఎక్స్‌టెన్షన్లు నేరుగా పనిచేయవు. అందువల్ల అప్పటికి మొదటి తరంలోనే ఉన్న దుకాణాలకు అప్‌గ్రేడ్ అంటే దాదాపు కొత్తగా కట్టుకోవడమే అయింది. ఐదో ప్రశ్న సాంకేతికంగా కనిపించినా, పెరిగే వ్యాపారానికి అదే కీలకం. వూకామర్స్‌లో చాలా ఏళ్లు ఆర్డర్లు కూడా వర్డ్‌ప్రెస్ వ్యాసాలుండే పట్టికల్లోనే ఉండేవి. 2023 అక్టోబరులో వచ్చిన 8.2 వెర్షన్ నుంచి కొత్త దుకాణాలకు ఆర్డర్లు విడి పట్టికల్లోకి వెళ్లే పద్ధతి డిఫాల్ట్ అమరికగా మారింది. అంతకు ముందు మొదలైన దుకాణాన్ని చూసి అంచనా వేసేవారు ఆ తేడా తెలుసుకుని వేయాలి.

వడపోత తర్వాత మిగిలినవి: హోస్టెడ్ రకం ‘అ’, సొంత సర్వర్ రకం ‘ఆ’, హెడ్‌లెస్ రకం ‘ఇ’. ‘అ’లో మూడు ఆప్షన్ల పరిమితి ఉన్నప్పటికీ, మిగిలిన నాలుగు సమాధానాలు బాగున్నందువల్ల ఉంచాం.

గంటల లెక్క: ఈ దశ 9, మొత్తం 53.

దశ 3: అతి కష్టమైన 120 ఎస్‌కేయూలు (వారాలు 5 నుంచి 7)

డెమో దుకాణాల్లో చొక్కాలు, కప్పులు తప్ప మరేమీ ఉండవు. అందుకని మా సరుకులోంచే మొత్తంలో ఒక శాతాన్ని, అంటే అన్నిటికంటే మొండివైన 120 ఎస్‌కేయూలను ఏరి, మూడింటిలోనూ ఎక్కించాం. ఏరిన తీరు:

1. నాలుగు ఆప్షన్లున్నవి 40.
2. కోడ్ సున్నాతో మొదలయ్యేవి 17.
3. విడిగానూ, నూరింటి పెట్టెగానూ అమ్మేవి 30.
4. అమ్మకం ఆపేసినా పాత ఆర్డర్లలో ఉండి రిఫండ్ అవసరమయ్యేవి 15.
5. అన్నిటికంటే పొడవైన పేర్లు, అన్నిటికంటే ఎక్కువ ఫొటోలు ఉన్నవి 18.

మొదటి ఎక్కింపు పూర్తిగా చెడింది, ఆ తప్పు ప్లాట్‌ఫారాలది కాదు. పాత డేటాబేస్‌లోంచి తీసిన సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన అక్షరాల పట్టికను) ఒకసారి చూద్దామని స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి, అలాగే సేవ్ చేశాను. సున్నాతో మొదలయ్యే 17 కోడ్‌ల ముందు సున్నాలు పోయాయి. పదమూడు అంకెల బార్‌కోడ్‌లు ఘాతాంక రూపంలోకి మారి, చివరి అంకెల చోట సున్నాలు మిగిలాయి. చూడటానికి వరుసలన్నీ ఉన్నాయి, ఎక్కింపులో ఒక్క తప్పూ రాలేదు. గోదాములో స్కానర్‌తో ఒక పెట్టెను చదివినప్పుడు ‘ఉత్పత్తి లేదు’ అని వచ్చే దాకా మాకు తెలియలేదు.

ఆ తర్వాత మార్చుకున్నవి మూడు. ఫైలును స్ప్రెడ్‌షీట్‌లో నేరుగా తెరవడం మానేశాం. చూడవలసి వస్తే అన్ని నిలువు వరుసలనూ అక్షర రూపంలోనే దిగుమతి చేసి చూస్తాం. ఎక్కించక ముందు, ఎక్కించిన తర్వాత వరుసల సంఖ్యను పోల్చే చిన్న స్క్రిప్టు రాశాం. అదే స్క్రిప్టు బార్‌కోడ్ సరిచూపు అంకెను కూడా లెక్కిస్తుంది: మొదటి పన్నెండు అంకెలను ఎడమ నుంచి వరుసగా 1, 3, 1, 3 తో హెచ్చించి కూడి, ఆ మొత్తాన్ని తర్వాతి పదుల సంఖ్య వరకు చేర్చడానికి ఎంత కావాలో చూస్తే పదమూడో అంకె రావాలి. ఈ తనిఖీని మొత్తం 11,437 మీద నడిపితే, ఏళ్ల క్రితమే తప్పుగా టైపు చేసిన 52 బార్‌కోడ్‌లు బయటపడ్డాయి.

అసలు చిక్కు పెట్టెల దగ్గర వచ్చింది. నూరు బందుల పెట్టె, విడి బందు రెండూ గోదాములో ఒకే గుట్టలోంచి వెళతాయి, కానీ ప్లాట్‌ఫారాలు స్టాక్‌ను ఒక్కో వేరియంట్‌కు విడిగా లెక్కిస్తాయి. ‘అ’లో దీనికోసం అదనపు యాప్ పెట్టాం, ఒక అమ్మకం తర్వాత రెండో స్టాక్ సరిపడడానికి మేము కొలిచిన ఇరవై సార్లలో 40 నుంచి 90 సెకన్లు పట్టింది. ‘ఆ’లో ఒక ప్లగిన్ (అదనపు సదుపాయం కోసం చేర్చే కోడ్) అదే డేటాబేస్ లావాదేవీలో రెంటినీ తగ్గించింది కనుక సందు లేదు. ‘ఇ’లో డెవలపర్ రెండు రోజులు కూర్చుని రాశాడు, బాగానే పనిచేసింది.

ఈ దశ ముగిసేసరికి మా మొగ్గు ‘ఆ’ వైపు స్పష్టంగా ఉంది.

గంటల లెక్క: ఈ దశ 61, మొత్తం 114.

దశ 4: అతి రద్దీ గంటను తిరిగి సృష్టించడం (వారాలు 8, 9)

లోడ్ పరీక్షకు కే6 అనే పనిముట్టు వాడాం. మొదటి రోజు ఫలితాలు అద్భుతంగా వచ్చాయి, అవి ఎందుకూ పనికిరావు. మేము హోమ్ పేజీని, విభాగాల పేజీలను మాత్రమే అడిగాం. అవి క్యాష్‌లోంచి, అంటే ముందే తయారుచేసి దాచిన ప్రతిలోంచి వస్తాయి కనుక ఏ సర్వరైనా తట్టుకుంటుంది. కొనుగోలుదారు కార్ట్‌లో వస్తువు వేసిన క్షణం నుంచి ప్రతి పేజీ అతనికి మాత్రమే చెందినదవుతుంది, క్యాష్ పక్కకు తప్పుకుంటుంది. దుకాణం కూలేది అక్కడే. అందుకే స్క్రిప్టును మార్చి, వెతకడం, ఉత్పత్తి తెరవడం, కార్ట్‌లో వేయడం, చిరునామా ఇవ్వడం, పరీక్షా చెల్లింపు దాకా వెళ్లడం అనే పూర్తి దారిని నడిపాం.

‘ఆ’ కొలతలు, రెండు కోర్లు, 4 జీబీ మెమరీ ఉన్న సర్వర్ మీద, కార్ట్ పేజీకి నూటికి 95 అభ్యర్థనలు ఎంతలోపు పూర్తయ్యాయన్న లెక్క:

1. ఒకేసారి 30 మంది: 1.1 సెకను.
2. ఒకేసారి 60 మంది: 6.8 సెకన్లు, నూటికి నాలుగు అభ్యర్థనలు విఫలం.
3. 29 ప్లగిన్లలో 11 తీసేశాక, 60 మంది: 2.3 సెకన్లు.
4. డేటాను మెమరీలో దాచే రెడిస్‌తో ఆబ్జెక్ట్ క్యాష్ పెట్టాక, 60 మంది: 1.4 సెకన్లు.

మూడో అడుగులో తీసేసిన 11 ప్లగిన్లలో నాలుగు ఎవరు, ఎందుకు కోరారో మాలో ఎవరికీ గుర్తులేదు. రెండు నెలలైనా నిండని పరీక్షా సైటులోనే ఇలా పేరుకుంటే, మూడేళ్లకు ఎలా ఉంటుందన్న ఆలోచన అప్పుడు మొదలైంది.

‘అ’ మీద లోడ్ పరీక్ష చేయలేదు. హోస్టెడ్ ప్లాట్‌ఫారాల మీద అనుమతి లేకుండా అలా చేయడం సాధారణంగా ఒప్పంద ఉల్లంఘన అవుతుంది, పైగా అక్కడ కొలవవలసింది ఏపీఐ పరిమితిని. మా ఖాతాకు సెకనుకు రెండు అభ్యర్థనలకే అనుమతి ఉంది. మొత్తం 11,437 ఎస్‌కేయూల స్టాక్‌ను ఒక్కొక్కటిగా పంపితే 95 నిమిషాలు పట్టింది, మధ్యలో 429 అనే ‘ఎక్కువ అభ్యర్థనలు’ సమాధానం వచ్చి రెండుసార్లు ఆగింది. అన్నీ పంపడం మాని, గత పావుగంటలో మారినవాటిని మాత్రమే పంపేలా మార్చాం. అవి సగటున 180, పట్టిన సమయం నిమిషంన్నర.

‘ఇ’లో వెనుక యంత్రాంగం 0.4 సెకన్లలో బదులిచ్చింది, కానీ మధ్యస్థాయి ఫోన్‌లో ప్రధాన చిత్రం కనబడడానికి 4.1 సెకన్లు పట్టింది, కారణం ముందు భాగంలో మేము పోగేసిన జావాస్క్రిప్ట్. పేజీ వేగానికి గూగుల్ పెట్టిన కోర్ వెబ్ వైటల్స్ కొలతల ప్రకారం ఇది 2.5 సెకన్లలోపు, పేజీ స్పందన 200 మిల్లీసెకన్లలోపు ఉండాలి, అదీ నూటికి 75 సందర్శనల్లో. 2024 మార్చిలో పాత స్పందన కొలత స్థానంలో వచ్చిన ఐఎన్‌పీని, అంటే ఈ పేజీ స్పందన కొలతను, ప్రయోగశాల పరీక్షలో నేరుగా కొలవలేం. నిజమైన వాడుకదారులు నొక్కితేనే అది వస్తుంది. కనుక ఒక ప్లాట్‌ఫారం డెమో పేజీకి లైట్‌హౌస్ అనే ప్రయోగశాల పరీక్షలో మంచి స్కోరు వచ్చినంత మాత్రాన నమ్మకండి.

గంటల లెక్క: ఈ దశ 47, మొత్తం 161.

దశ 5: చెల్లింపుల దగ్గర కావాలని తప్పులు చేయడం (వారం 10)

మామూలుగా కొంటే మూడింటిలోనూ ఏ సమస్యా లేదు. అందుకే ఒక్కోదానిలో 200 పరీక్షా చెల్లింపులు చేసి, వాటిలో కొన్నింటిని ఉద్దేశపూర్వకంగా చెడగొట్టాం.

1. 20 సార్లు, డబ్బు చెల్లించాక తిరిగి సైటుకు రాకముందే బ్రౌజర్‌ను మూసేశాం.
2. 20 సార్లు, డబ్బు చేరిందని చెల్లింపు సంస్థ మన సర్వర్‌కు తనంతట పంపే వెబ్‌హుక్ సందేశాన్ని రెండోసారి పంపాం.
3. ఒకసారి, సర్వర్‌ను పది నిమిషాలు ఆపి, ఆ మధ్యలో చెల్లింపులు జరిపాం.

‘అ’ మూడింటినీ తట్టుకుంది. ‘ఆ’లో మొదటి పరీక్షలో మూడు ఆర్డర్లు డబ్బు చేరినా ‘పెండింగ్’లోనే ఉండిపోయాయి, భద్రత కోసం పెట్టిన ప్లగిన్ వెబ్‌హుక్‌ను అనుమానాస్పద అభ్యర్థనగా భావించి అడ్డుకుంది. ‘ఇ’లో మా సొంత కోడ్ 20కి 20 సార్లూ స్టాక్‌ను రెండేసి సార్లు తగ్గించింది. వెబ్‌హుక్ ఒకసారే వస్తుందన్న హామీ లేదు; కనీసం ఒకసారి వస్తుందనే దాన్ని నిర్మిస్తారు. ప్రతి సందేశపు గుర్తింపు సంఖ్యను ఒక పట్టికలో దాచి, ఆ సంఖ్య రెండోసారి చేరకుండా డేటాబేస్ నిబంధన పెట్టడంతో అది సరైంది.

భద్రతా ప్రమాణాల విషయం ఇక్కడే చూశాం. కార్డు చెల్లింపుల ప్రమాణమైన పీసీఐ డీఎస్‌ఎస్ 4.0 వెర్షన్ 2022 మార్చిలో వచ్చింది, పాత 3.2.1 వెర్షన్ 2024 మార్చి 31తో రద్దయింది, కొత్త నిబంధనల్లో గడువిచ్చి పక్కన పెట్టినవి 2025 మార్చి 31 తర్వాత తప్పనిసరి అయ్యాయి. చెల్లింపు పేజీలో ఏ స్క్రిప్టులు నడుస్తున్నాయో తెలిసి ఉండడం, వాటిలో మార్పులను పసిగట్టడం ఆ నిబంధనల్లో భాగం. ‘ఆ’ చెకౌట్ పేజీలో లెక్కపెడితే 14 స్క్రిప్టులున్నాయి, వాటిలో ఐదు ఎక్కడి నుంచి వచ్చాయో వెంటనే చెప్పలేకపోయాం. కార్డు వివరాలు మన సర్వర్‌ను తాకకపోయినా, వాటిని అడిగే పేజీ మనదైతే దాని శుభ్రత కూడా మన బాధ్యతే.

గంటల లెక్క: ఈ దశ 38, మొత్తం 199.

దశ 6: మూడేళ్ల ఖర్చు (వారం 11)

నెలసరి రుసుములను మాత్రమే పోల్చి మొదట ‘ఆ’ను చౌక అనుకున్నాం. తర్వాత అమ్మకాల మీద శాతం, యాప్‌ల రుసుము, సర్వర్, బ్యాకప్, నెలనెలా నిర్వహణ గంటలు అన్నీ కలిపి, నేటి అమ్మకాల వద్ద ‘ఆ’ మూడేళ్ల ఖర్చును 100 అనుకుని మిగతావాటిని దాంతో పోల్చాం. ‘అ’ 112, ‘ఇ’ 190 వచ్చాయి. అమ్మకాలు మూడింతలైతే ‘ఆ’ 138, ‘అ’ 171, ‘ఇ’ 204 అవుతాయి. ‘అ’ ఖర్చు అమ్మకాలతో పాటే పెరుగుతుంది, ‘ఆ’ ఖర్చు సర్వర్ మార్చినప్పుడల్లా మెట్టులా పెరుగుతుంది, ‘ఇ’ ఖర్చు దాదాపు కదలదు.

నెలసరి నిర్వహణ గంటలు మాత్రం డబ్బుతో తేలవు: ‘అ’కు 4, ‘ఆ’కు 19, ‘ఇ’కి 34. మా దగ్గర ఆ పని చేయగలిగింది ఒక్కరే. ఆయన సెలవులో ఉన్న వారంలో ‘ఆ’కు ఒక భద్రతా సవరణ వస్తే ఎవరు వేస్తారన్న ప్రశ్నకు మా దగ్గర సమాధానం లేదు.

గంటల లెక్క: ఈ దశ 16, మొత్తం 215.

దశ 7: చేరకముందే బయటికి వెళ్లే పరీక్ష, నిర్ణయం (వారం 12)

మూడింటిలోంచీ ఉత్పత్తులు, ఫొటోలు, ఆర్డర్లు, రిఫండ్‌లు, ఖాతాలు, సమీక్షలు వెనక్కి తీశాం. ‘ఆ’, ‘ఇ’లలో డేటాబేస్ మా చేతిలోనే ఉంది. ‘అ’లో ఆర్డర్ల సీఎస్‌వీలో పాక్షిక రిఫండ్‌లు ఏ వస్తువుకు జరిగాయో లేదు, ఏపీఐ ద్వారా తీస్తే ఉంది. పాస్‌వర్డ్‌లు బయటికి రావు.

ఈ వారంలోనే దశ 0లో రాసుకున్న 22 అనే అంకె దగ్గరకు తిరిగి వచ్చాం. లేని సరుకు అమ్మిన 31 ఆర్డర్లలో 22 కౌంటర్ వల్ల జరిగినవి. ఏ ప్లాట్‌ఫారం తీసుకున్నా, కౌంటర్, వెబ్‌సైటు రెండూ ఒకే స్టాక్ పద్దులో రాయకపోతే అవి ఆగవు. ఆ పద్దు ప్లాట్‌ఫారం లోపల ఉంటే, వెబ్‌సైటు ఆగిన రోజు కౌంటర్ కూడా ఆగుతుంది. కనుక పద్దును విడిగా, చిన్న సేవగా పెట్టాలని నిశ్చయించాం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒకే పట్టిక. రాక, పోక, నిలుపుదల, వాపసు అన్నీ కొత్త వరుసలుగా చేరడమే తప్ప పాత వరుస మారదు. అన్నీ విడి ముక్కల లెక్కలోనే, పెట్టె అంటే నూరు ముక్కల పోక.

అలా తేల్చుకున్నాక, ‘ఆ’కు అనుకూలంగా మేము చెప్పుకున్న ప్రధాన కారణం, అంటే పెట్టె, విడి స్టాక్ కలిసి ఉండడం, దాని ప్రత్యేకత కాకుండా పోయింది. నాలుగు ఆప్షన్ల చిక్కుకు గోదాము సహోద్యోగి దారి చూపించారు. కుడివైపు తెరుచుకునే తాళం, ఎడమవైపు తెరుచుకునే తాళం గోదాములో వేర్వేరు అరల్లో ఉంటాయని, వాటిని ఒకే ఉత్పత్తిగా చూపడం మొదటి నుంచీ తప్పేనని ఆయన వాదన. అది సరైనదే. తెరుచుకునే వైపును ఆప్షన్‌గా కాక వేరే ఉత్పత్తిగా విడదీస్తే మిగిలేవి మూడు ఆప్షన్లు. 143 ఉత్పత్తులు 286 అయ్యాయి.

‘అ’ను, పక్కన సొంత స్టాక్ పద్దును ఎంచుకున్నాం. నిర్వహణ నెలకు 4 గంటలు, పద్దుకు మరో 6. ఖర్చు ఎక్కువని తెలిసే తీసుకున్నాం, అమ్మకాలు నేటికి రెండింతలు దాటిన నెలలో దశ 6 లెక్కను మళ్లీ వేయాలని క్యాలెండర్‌లో రాసుకున్నాం.

గంటల లెక్క: ఈ దశ 14, మొత్తం 229.

దశ 8: మార్పిడి (వారాలు 13, 14)

యూఆర్‌ఎల్‌ల పని అనుకున్నదానికి రెట్టింపు అయింది. 4,310 పాత చిరునామాలను కొత్తవాటికి జత చేసి, 301 రీడైరెక్ట్‌లు (పాత చిరునామాకు వచ్చినవారిని శాశ్వతంగా కొత్తదానికి పంపే ఆదేశాలు) పెట్టి, మొదటిసారి క్రాల్ చేస్తే, అంటే అన్ని చిరునామాలనూ ప్రోగ్రాంతో తెరిపించి చూస్తే, 612 చోట్ల ‘పేజీ లేదు’ వచ్చింది. వాటిలో ఎక్కువ భాగం వడపోత గుర్తులతో ముగిసే చిరునామాలు, పెద్దక్షరాలతో ఉన్న పాత లింకులు. మరో 240 చోట్ల రీడైరెక్ట్ మీద రీడైరెక్ట్ పడింది, వాటిని ఒకే గెంతుకు తగ్గించాం. రెండుగా విడిపోయిన తాళాల పాత చిరునామాను కుడివైపుకో ఎడమవైపుకో పంపకుండా, రెండూ బొమ్మలతో చూపే ఎంపిక పేజీకి పంపాం. రీడైరెక్ట్‌లను కనీసం ఏడాది ఉంచమని గూగుల్ సూచన. మేము తీసే ఆలోచనలో లేము.

ఫొటోల్లో 311 వేరే బొమ్మలకు ఒకే పేరు ఉండడంతో ఒకటి మరొకదాని మీద పడిపోయింది. ఎక్కించే ముందు ప్రతి ఫైలు పేరుకూ ఎస్‌కేయూ జోడించి మళ్లీ ఎక్కించాం.

పాస్‌వర్డ్‌లను తీసుకెళ్లలేం కనుక కొత్తది పెట్టుకోమని ఖాతాదారులకు ఈమెయిల్ పంపాలి. మొదటి గంటలోనే 6,000 పంపాను. చాలావరకు స్పామ్‌లోకి వెళ్లాయి, తెరిచి మార్చుకున్నవారు 9 శాతం. మిగతా 12,900 మందికి పంపడం ఆపి, లాగిన్ ప్రయత్నించినప్పుడే ‘మీ ఖాతా కొత్త సైటుకు మారింది’ అని చెప్పి కోడ్ పంపే పద్ధతికి మారాం. మొదటే అలా చేసి ఉండవలసింది.

మారే రాత్రి క్రమం:

1. రెండు రోజుల ముందే డీఎన్‌ఎస్ టీటీఎల్‌ను, అంటే సైటు పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో ఇతరులు గుర్తుంచుకునే సమయాన్ని, 86,400 సెకన్ల నుంచి 300కు తగ్గించాం.
2. పాత సైటులో చెకౌట్ మూశాం, కార్ట్‌లు చూడడానికి మాత్రం ఉంచాం.
3. చివరి ఆర్డర్లు, స్టాక్ ఎక్కించి, వరుసల సంఖ్యలు పోల్చాం.
4. కొత్త ఆర్డర్ సంఖ్యలను పాతవాటితో కలవకుండా పై నుంచి మొదలుపెట్టాం.
5. డీఎన్‌ఎస్ మార్చి, మా సొంత కార్డుతో ఒక నిజమైన కొనుగోలు, ఒక రిఫండ్ చేశాం.

గంటన్నర అనుకున్నది రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. మూడో అడుగులో సంఖ్యలు కలవలేదు. రద్దయిన ఆర్డర్లను ఒకచోట లెక్కించి, మరోచోట వదిలేశాం.

గంటల లెక్క: ఈ దశ 124, మొత్తం 353.

దశ 9: ముప్పై రోజుల తర్వాత (వారాలు 15 నుంచి 18)

ఆర్డర్లు 6,480, లేని సరుకుకు తీసుకున్నవి నాలుగు. ప్రధాన చిత్రం కనబడే సమయం నూటికి 75 సందర్శనల్లో 2.3 సెకన్లలోపు. సెర్చ్ నుంచి వచ్చేవారు రెండో వారంలో 14 శాతం తగ్గి, నాలుగో వారానికి 5 శాతం తక్కువ దగ్గర ఉన్నారు. తప్పు వైపు తాళం వచ్చిందని తిప్పి పంపినవి అంతకు ముందు ముప్పై రోజుల్లో 37, ఇప్పుడు 19. అయితే ఉత్పత్తులను విడదీసిన రోజే తలుపు బొమ్మలు కూడా చేర్చాం కనుక ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను.

ఏపీఐ ద్వారా స్టాక్ వెళ్లేలోపు ఉండే సందు కోసం రెండు జాగ్రత్తలు పెట్టాం. వేగంగా అమ్ముడయ్యే 90 ఎస్‌కేయూలకు వెబ్‌సైటులో రెండు ముక్కలు తగ్గించి చూపుతాం. చెల్లింపుకు ముందు చివరి అడుగులో పద్దును నేరుగా అడుగుతాం; ఆ అడుగు సగటున 180 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. పద్దు రెండు సెకన్లలో బదులివ్వకపోతే ఆర్డర్‌ను ఆపకుండా తీసుకుని, గోదాముకు హెచ్చరిక పంపుతాం.

మిగిలిన ఆ నాలుగు ఆర్డర్ల కారణం నిన్న దొరికింది. తిప్పి పంపిన సరుకు గోదాము తలుపు దాటగానే పద్దులో ‘వాపసు’ వరుస చేరి స్టాక్ పెరుగుతోంది, పెట్టె విప్పి చూసే పని మాత్రం మర్నాడు జరుగుతోంది. నాలుగు ఆర్డర్లూ అలా లెక్కలోకి వచ్చి, తర్వాత గీతలు పడ్డాయని పక్కన పెట్టిన హ్యాండిళ్లవే. ‘వాపసు’ను ‘వచ్చింది’, ‘పరిశీలించాం’ అని రెండు వరుసలుగా విడదీసి, రెండోది పడితేనే స్టాక్ పెరిగేలా డెవలపర్ మారుస్తున్నాడు. సోమవారం స్టేజింగ్‌లో (పరీక్షకు పెట్టుకున్న నకలు సైటులో) పాత వాపసులన్నింటినీ మళ్లీ నడిపి చూస్తాం.

గంటల లెక్క: ఈ దశ ఇప్పటివరకు 21, మొత్తం 374.